ప్రాసెసర్ కోసం ప్రార్థన మనవి

అవనిగడ్డలో ధనమ్మ వాళ్ళు వెళ్ళే చర్చిలో, ఆదివారం ప్రసంగం అయిపోయాక అయ్యగారు మైకు స్టాండు మీంచి తీసి, ప్రార్థన మనవులు ఉన్నవాళ్ళు చెప్పండమ్మా అంటారు. మైకు వరసల్లోకి వస్తుంది. ఒకరిది మోకాలి నొప్పి, ఒకరిది కొడుకు డీఎస్సీ పరీక్ష, ఒకరిది చేలోంచి ఎంతకీ దిగని వాననీరు. మనవి ఎంత వివరంగా ఉంటే ప్రార్థన అంత సూటిగా వెళ్తుందని అక్కడివాళ్ళ గట్టి నమ్మకం. ఊరికే ఆరోగ్యం కోసం అంటే ఎవరూ ఒప్పుకోరు. ఏ కాలు, ఏ డాక్టరు, ఆపరేషన్ ఏ రోజు, మత్తు ఎవరిస్తున్నారు, అన్నీ చెప్పాల్సిందే. చెప్పకపోతే వెనక వరసలోంచి ఎవరో ఒకరు అడిగి మరీ చెప్పిస్తారు.

ఈ విద్యలో ధనమ్మకు సాటి లేదు. దివిసీమ పల్లెల్లో ఏఎన్ఎంగా ఇంటింటికీ తిరిగి, పిల్లలకు టీకాలు వేసి, బాలింతలను పలకరించి రిటైరైన మనిషి. జ్వరం అని ఎవరన్నా అంటే ఎప్పట్నుంచి, ఎంత, వణుకుందా లేదా అని అడగందే ఊరుకునేది కాదు. దేవుడి దగ్గరా అదే అలవాటు. ఆమె మైకు పట్టుకుందంటే సంఘమంతా సర్దుకుని కూర్చునేది. మంచి మనిషి, ఎవరింట్లో కష్టం వచ్చినా మొదట గుమ్మంలో నిలబడేది ఆమే. కడుపులో మాట దాచుకోవడం మాత్రం ఆమెకు చేతకాదు. ఆ సంగతి ఆమెకు తప్ప అందరికీ తెలుసు.

భర్త గంగరాజు ఆర్టీసీ కండక్టరుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్నాడు. కూతురు హెప్సిబా ఒక్కతే. డెస్క్‌టాప్ కంప్యూటర్లలో పెట్టే ప్రాసెసర్లను రూపొందించే కంపెనీలో ఇంజనీరు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, పేరు చెప్పి ధనమ్మ పడ్డ పాట్లు చాలు. ఆఫీసు బెంగళూరులో. కరోనా రోజుల్లో ఇంటికొచ్చి, ఆ తర్వాత కూడా నెలకోసారి వెళ్ళొస్తూ, మిగతా రోజులు అవనిగడ్డలో మేడమీద గదిలోంచే పనిచేసేది. ఇతరులు గీసిన చిప్ సరిగ్గా పనిచేస్తుందో లేదో పరీక్షించడం ఆమె పని. టీకా వేసేముందు సీసా మీద తేదీ చూడటం లాంటిదన్నమాట అని ధనమ్మ తనకు అర్థమైనట్టు చెప్పింది. కూతురు నవ్వి, ఇంచుమించు అంతేనంది.

ఆ ఏడు వానాకాలంలో హెప్సిబా తిండి తగ్గిపోయింది. మేడ దిగడం, రెండు ముద్దలు తిన్నట్టు చేయడం, మళ్ళీ మెట్లెక్కడం. ఒక మధ్యాహ్నం మట్టగిడసల పులుసు వండి పెట్టినా కంచంలో వేళ్ళు కదపకుండా కూర్చుంది. ఆ చేప అంటే ప్రాణం పెట్టే పిల్ల. ధనమ్మ ఇక ఆగలేకపోయింది. ఏమైందో చెప్పందే ఇక్కణ్ణుంచి లేవనివ్వనని ఎదురుగా కూర్చుంది.

"చిప్పు నిద్రపోతే లేవట్లేదమ్మా," అంది హెప్సిబా.

అలా మొదలుపెట్టి అంతా చెప్పేసింది. జనవరిలో రావలసిన కొత్త తరం ప్రాసెసర్ అది. మొదటి నమూనాలు తయారై వచ్చాయి. పని లేనప్పుడు కరెంటు ఆదా కోసం ఆ ప్రాసెసర్ తనలోని భాగాలను కాసేపు నిద్రపుచ్చుతుంది. మళ్ళీ పని పడగానే లేపుతుంది. అయితే ఎప్పుడో ఒకసారి, ఎందుకో తెలియదు, ఒక భాగం లేవదు. కంప్యూటర్ ఉన్నది ఉన్నట్టు బిగుసుకుపోతుంది. ఆపి మళ్ళీ వేయడం తప్ప దారి లేదు. కారణం దొరక్కపోతే జనవరి జనవరి కాకుండా పోతుంది. నిద్రకూ మేలుకోవడానికీ సంబంధించిన ఆ భాగాన్ని పరీక్షించి బాగుందని చెప్పింది హెప్సిబానే. తప్పు తన కంటపడకుండా ఎలా పోయిందో ఆమెకు అంతుపట్టడం లేదు. మూడేళ్ళుగా చేసిన పని అది. చివర్లో, ఎవరికీ చెప్పకమ్మా అని కూడా అంది.

ధనమ్మ ఎవరికీ చెప్పలేదు. ఇది ఆమె పక్షాన ఒప్పుకుని తీరాలి. పక్కింటివాళ్ళకు చెప్పలేదు, గుడివాడలో ఉండే చెల్లెలు షీబాకు ఫోనులో చెప్పలేదు. నాలుక చివరిదాకా వచ్చిన మాటను ఆ వారమంతా వెనక్కి మింగుతూ గడిపింది. ఆదివారం మైకు చేతికి రాగానే దేవుడికి చెప్పుకుంది. దేవుడికి చెప్పుకోవడం ఎవరికో చెప్పడం ఎలా అవుతుంది?

చెప్పడం కూడా పద్ధతిగా చెప్పింది. కంపెనీ పేరు చెప్పింది. జనవరిలో వచ్చే కొత్త ప్రాసెసర్ అంది. అది నిద్రపోయి లేవడం లేదని, ఎప్పుడు లేవదో ఎవరికీ తెలియడం లేదని, కారణం త్వరగా దొరక్కపోతే విడుదల ఆగిపోతుందని, మా అమ్మాయి అన్నం మానేసిందని చెప్పి, మైకు పక్కవాళ్ళకు అందించింది. అయ్యగారు కదిలిపోయారు. నిద్రిస్తున్నదాన్ని లేపమని ఆయన చేసిన ప్రార్థనకు వెనక వరసల్లో ఉన్న రైతులు కూడా గట్టిగా ఆమేన్ అన్నారు. ప్రాసెసర్ అంటే ఏమిటో తెలిసినవాళ్ళు అక్కడ నలుగురైదుగురికి మించి లేరు. లేవని బాధ ఏమిటో మాత్రం అందరికీ తెలుసు.

ఆరాధన యూట్యూబులో వెళ్తుందన్న సంగతి ధనమ్మకు తెలియక కాదు. మంచం మీద ఉన్నవాళ్ళ కోసం కరోనాలో పెట్టారు, అలా ఉండిపోయింది. పైన గోడకు బిగించిన ఆ కెమెరా ఆమె లెక్కలో ముసలివాళ్ళ కోసం తెరిచిన కిటికీ, అంతే. ఆ ఆదివారం కూడా హెప్సిబా చర్చికి రాలేదు. మేడమీద పనిలో ఉంది.

కిటికీలోంచి మొదట చూసింది గుడివాడలో షీబా. అక్క తనతో మాటమాత్రంగానైనా చెప్పలేదని కొంచెం నొచ్చుకుని, అయినా పెద్ద మనసు చేసుకుని తమ మహిళా సమాజం వాట్సాప్‌లో మనవి పెట్టింది. శుక్రవారం గుడివాడలో ప్రాసెసర్ కోసం ఉపవాస ప్రార్థన జరిగింది. ఆ మెసేజి పామిడిముక్కల చేరేసరికి సగం మాటలు రాలిపోయి, ధనమ్మ గారింట్లో ఒక పసిబిడ్డ నిద్రపోయి లేవడం లేదన్నట్టు తయారైంది. అక్కణ్ణుంచి ఒకావిడ ఫోన్ చేసి, ఏ హాస్పిటల్లో పెట్టారమ్మా అని ఏడుపు గొంతుతో అడిగింది. బిడ్డా లేదు, హాస్పిటలూ లేదు, మా అమ్మాయికి ఇంకా పెళ్ళే కాలేదని చెప్పి ఆమెను ఊరడించేసరికి ధనమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. అప్పటికైనా ఏదో అనుమానం రావలసింది, రాలేదు. ఇంతమంది ప్రార్థిస్తున్నారని సంతోషించింది.

మరుసటి వారం బందరు నుంచి నాగబాబు ఫోన్ చేశాడు. గిలకలదిండిలో చేపల వేటకు వెళ్ళే కుటుంబం వాళ్ళది. ఇతను మాత్రం వలలు వదిలి బందరులో కంప్యూటర్లు బిగించి అమ్మే కొట్టు పెట్టుకున్నాడు. చర్చిలో కంప్యూటర్ అతను అమర్చిందే. గంగరాజును మావయ్యగారూ అని పిలుస్తాడు. కంప్యూటర్ కబుర్లు చెప్పే ఎవరో ఒకడు అత్తయ్యగారి మనవిని కోసి, కింద ఇంగ్లీషు అక్షరాలు వేసి, వీడియో పెట్టాడని, అది పట్టుకుని బయటి దేశాల వెబ్‌సైట్లు కూడా రాస్తున్నాయని చెప్పాడు. రాబోయే ప్రాసెసర్‌లో లోపం ఉందట, విడుదల అనుమానమట అని ఎక్కడ చూసినా అదేనట. గంగరాజుకు అందులో సగమే అర్థమైంది. ఆ సగమే చాలింది.

హెప్సిబాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆ ఉదయమే కంపెనీ ఆమె లాగిన్ ఆపేసింది. మేడ దిగి వచ్చి, ఫోన్ తల్లి చేతిలో పెట్టింది. ధనమ్మ తెర మీద తనను తాను చూసుకుంది. మొదట తనకు తట్టింది ఆ చీర తనకు నప్పిందని, దేవుడు క్షమించాలి. తర్వాత కింద పరుగెత్తే ఇంగ్లీషు అక్షరాలు చూసింది. ఆ తర్వాత కూతురి మొహం చూసింది.

"ఎవరికీ చెప్పొద్దన్నాను కదమ్మా."

"ఎవరికీ చెప్పలేదమ్మా. దేవుడికి చెప్పుకున్నాను."

"దేవుడికి యూట్యూబ్ అక్కర్లేదమ్మా," అంది హెప్సిబా. కోపంగా కూడా అనలేదు. అలసిపోయినట్టు అంది. మేడెక్కి తలుపు వేసుకుంది.

అరిచినా బాగుండేదని ధనమ్మ అనుకుంది. తిట్టించుకుని ఏడ్చి ఉంటే సగం భారం దిగేది. సంస్థ రహస్యం బయటికి చెప్పినవాళ్ళను ఉద్యోగంలోంచి తీసేస్తారని, ఇంకో కంపెనీ కూడా దగ్గరికి రానివ్వదని గంగరాజు ఫోన్లో ఎవరినో అడిగి తెలుసుకున్నాడు. చదువుకునే రోజుల నుంచి ఆ పిల్లకు ఈ పని తప్ప ఇంకో ధ్యాస లేదు. స్నేహితురాళ్ళు సినిమాలకు వెళ్తుంటే ఇది పాత కంప్యూటర్ విప్పి ముందేసుకుని కూర్చునేది. అలాంటి పిల్ల ఇప్పుడు చేయడానికి పని లేక, మేడమీద గదిలో కిటికీ దగ్గర ఊరికే కూర్చుని ఉంటోంది. లోపం ఇంకా అలాగే ఉంది. దాన్ని వెతకవలసిన మనిషి ఇక్కడ ఉంది. మధ్యలో అడ్డుగోడ తను కట్టింది. ఈ లెక్క ధనమ్మ ఎన్నిసార్లు వేసుకున్నా జవాబు మారలేదు.

విచారణ వీడియో కాల్‌లో అన్నారు. కంపెనీ తరఫున లక్ష్మీకాంతం అనే పెద్దావిడ మాట్లాడుతుందని, తల్లితో కూడా మాట్లాడాలన్నారని హెప్సిబా తండ్రికి చెప్పింది. ఇంట్లో అందరి మాటలూ ఇప్పుడు గంగరాజు మీదుగానే నడుస్తున్నాయి. ఆయన దిగులుగా పేపరు మడుస్తూ, పిల్లల గురించి తల్లులు లేనిపోని గొప్పలు చెప్పుకోవడం లోకంలో ఉన్నదేనని, నువ్వూ అలాగే ఏదో అల్లావంటే ఎవరైనా నమ్ముతారని అన్నాడు. ఊరికే అన్న మాట. ధనమ్మ దాన్ని పట్టుకుంది.

ఎంత ఆలోచించినా అంతకంటే దారి కనిపించలేదు. తను అల్లి చెప్పిందంటే కూతురు ఏమీ చెప్పనట్టే. ఏమీ చెప్పకపోతే తప్పు లేదు. చర్చి మైకులో అబద్ధమాడిన మనిషి అని తన పేరు పడుతుంది. పడనీ. సంఘంలో ముప్పై ఏళ్ళుగా ఆమె మాటంటే మాటే. దాన్ని ఒక్క పూటలో పోగొట్టుకోవడానికి సిద్ధపడి, ఇస్త్రీ చీర కట్టుకుని, ల్యాప్‌టాప్ ముందు కుర్చీలో నిటారుగా కూర్చుంది. హెప్సిబాను ముందే ప్రశ్నించి అయిపోయింది. ఏం అడిగారో, ఏం చెప్పిందో ధనమ్మకు తెలియదు. కూతురు తలుపు అవతల నిలబడి ఉంది.

లక్ష్మీకాంతం గుడివాడ వైపు మనిషేనట. ఏభై దాటిన వయసు, కళ్ళద్దాలు, నిదానంగా మాట్లాడుతుంది. ఈ సంభాషణ రికార్డు అవుతుందని చెప్పి, ధనమ్మ ఒప్పుకున్నాక మొదలుపెట్టింది.

"చర్చిలో మీరు చెప్పిందంతా మీకెవరు చెప్పారండీ?"

"ఎవరూ చెప్పలేదండి. నేనే అల్లాను. మా అమ్మాయి పెద్ద పని చేస్తోందని నలుగురూ అనుకోవాలని."

"నిద్రపోయి లేవట్లేదన్నారు. అది కూడా మీరే అల్లారా?"

ధనమ్మ జ్వరాల గురించి ఎన్ని ప్రశ్నలైనా అడగగలదు కానీ, ఇలా ఎదుటివాళ్ళు అడిగితే అబద్ధం చెప్పడం ఆమెకు అలవాటు లేదు. పెదవులు తడుపుకుంది. చేతిలో చీర చెంగు నలిపింది. తలుపు తీసుకుని హెప్సిబా లోపలికి వచ్చి, ఇంకో కుర్చీ లాక్కుని తల్లి పక్కన కెమెరాలో కనబడేలా కూర్చుంది.

"అమ్మ అబద్ధం చెప్తోందండి. మొదట మీరడిగినప్పుడు చెప్పాను, మళ్ళీ చెప్తున్నాను. భోజనం దగ్గర నేనే చెప్పాను. నాకు భయమేసింది, చెప్పుకున్నాను."

లక్ష్మీకాంతం, తల్లి మాట అలాగే రాసుకుంటే నీకు మేలవుతుందేమో, ఆలోచించుకో అన్న అర్థం వచ్చేలా, చాలా జాగ్రత్తగా, ఇది రికార్డు అవుతోందని ఇంకోసారి గుర్తుచేసింది.

"ఆలోచించానండి," అంది హెప్సిబా. "మా అమ్మ ఆ మైకులో ఇంతవరకు ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. నా ఉద్యోగం నిలబెట్టడానికి, అక్కడ అబద్ధమాడిందని రాసుకోకండి."

ధనమ్మ తల దించుకుంది. తెర అవతల కొత్త మనిషి ముందు కళ్ళ నీళ్ళు పెట్టుకోవడం బాగుండదని ఎంతో ఆపుకుంది గానీ ఆగలేదు. లక్ష్మీకాంతం కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా అని అడిగింది. లేదండి, పిల్ల సరిగ్గా తినడం లేదన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు, నేను కళ్ళారా చూసిందేనంది ధనమ్మ. దానికి ఆవిడ చిన్నగా నవ్వి కాల్ ముగించింది.

నిర్ణయం వచ్చేదాకా ఇంట్లో ఎవరూ గట్టిగా తుమ్మలేదు. చివరికి వచ్చింది. హెప్సిబాకు ఆ ఏడు రావలసిన ప్రమోషన్ పోయింది. మళ్ళీ ఇలాంటిది జరిగితే ఉద్యోగం ఉండదని రాతపూర్వకంగా హెచ్చరించారు. లాగిన్ మాత్రం తిరిగి ఇచ్చారు. నిజం దాచకపోవడం ఒక కారణం, ఆ నిద్ర భాగం గురించి ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియకపోవడం రెండో కారణం అని లక్ష్మీకాంతం స్వయంగా ఫోన్ చేసి చెప్పింది.

ఆ సాయంత్రం హెప్సిబా వంటింట్లోకి వచ్చి, పప్పు తాలింపు వేస్తున్న తల్లి పక్కన గట్టు మీద కూర్చుంది.

"అమ్మా, చిప్పు గురించి ఇంక నేను చెప్పను, నువ్వు అడక్కు. మిగతాది ఏదైనా అడుగు, చెప్తాను."

ధనమ్మ సరేనంది. అడగడానికి ఏమైనా దొరుకుతుందేమోనని వెతుక్కుంది. దొరకలేదు. ఇన్నేళ్ళూ తల్లీకూతుళ్ళు చదువు గురించి, తర్వాత ఉద్యోగం గురించి తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదని ఇద్దరికీ అప్పుడే తెలిసింది. తర్వాత ధనమ్మ, బెంగళూరులో మీరు ఆదివారాలు ఏం తింటారే అని అడిగింది. అక్కణ్ణుంచి మొదలైంది. నెమ్మదిగా, రోజుకో ముక్క. హెప్సిబాకు చిన్నప్పటి నుంచీ ఈత నేర్చుకోవాలని ఉండేదట, కృష్ణా నది పక్కనే పెరిగి కూడా అడగడానికి సిగ్గుపడిందట. ఆఫీసులో కళ్యాణ్ అని ఒకతను ఉన్నాడట, మంచివాడట, ఇంకా ఏదీ అనుకోలేదట. ఈ చివరి మాట విన్న రాత్రి ధనమ్మకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది. వివరాలు అడగాలి. ఏ ఊరు, ఏ సంఘం, తల్లిదండ్రులు ఏం చేస్తారు. షీబాకు ఫోన్ చేయాలి. అయ్యగారికి చెప్పాలి. ఏదీ చేయలేదు. దుప్పటి నోట్లో కుక్కుకున్నంత పనిచేసి పడుకుంది.

చర్చిలో మనవులు అడిగినప్పుడు ఆమె ఇప్పుడు లేచేది కాదు. మైకు వరసలోకి వస్తే పక్కన కూర్చునే ఎల్లమ్మకు అందించేసేది. అయ్యగారు ఒకరోజు ఇంటికి వచ్చి, తప్పంతా నీది కాదమ్మా, కెమెరా ఆపకపోవడం మాది, ఇకనుంచి మనవుల సమయంలో ఆపేస్తామని చెప్పారు. వద్దండి, మంచం మీద ఉన్నవాళ్ళకు ఆ కాసేపే కదా మన మొహాలు కనబడేదని ధనమ్మ అడ్డుపడింది. నేను మాట్లాడకుండా ఉంటే చాలంది. నోరు కట్టేసుకోవడం ఆమెకు ఎంత కష్టమో తెలిసిన గంగరాజు ఆ మాటకు ఆమె వంక జాలిగా చూశాడు.

చలి మొదలయ్యే రోజుల్లో ఒక మధ్యాహ్నం హెప్సిబా మేడ దిగి వచ్చి, అన్నం పెట్టమంది. రొయ్యల ఇగురు వేసుకుని మారు వడ్డించుకుని తిని, కంచం కడిగి, హాల్లో చాప మీద పడుకుని చీకటి పడేదాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. ధనమ్మ పక్కన కూర్చుని చూస్తూనే ఉంది. కారణం దొరికిందన్నమాట. అడగలేదు. గంగరాజు బయటినుంచి వచ్చి నోరు తెరవబోతే వేలు పెదవుల మీద పెట్టి ఆపింది. ఆయన దొరికిందా అని సైగ చేశాడు. నాకేం తెలుసు అని ఆమె కూడా సైగే చేసింది. కానీ ఆ మొహంలో సంతోషం దాచడం మాత్రం ఆమె వల్ల కాలేదు.

జనవరిలో కొత్త ప్రాసెసర్ చెప్పిన రోజుకే విడుదలైంది. లోపం ఉందన్న పుకారు అప్పటికే లోకమంతా తిరిగింది కాబట్టి, కంపెనీవాళ్ళే ఆ కథంతా రాసి బయట పెట్టారు. నిజంగానే లోపం ఉండేదని, ఇలా కనిపెట్టామని, ఇలా సరిచేశామని. అది వచ్చిన రోజు హెప్సిబా తల్లిని మేడమీద గదిలోకి పిలిచి, తెర మీద ఇంగ్లీషు చదువుతూ తెలుగులో చెప్పింది. ఇప్పుడు చెప్పచ్చమ్మా, వాళ్ళే చెప్పేశారంది. ప్రాసెసర్‌లో రెండు భాగాలు ఒకేసారి నిద్ర లేవవలసి వచ్చినప్పుడు, నువ్వు లేచాక నేను లేస్తానని ఇదీ, నువ్వు లేచాక నేను లేస్తానని అదీ ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ ఉండిపోయేవట. పెళ్ళి భోజనాల దగ్గర మీరు ముందు కూర్చోండంటే మీరు ముందు కూర్చోండని ఇద్దరు పెద్దమనుషులు నిలబడిపోయినట్టు అంది హెప్సిబా. అలా జరగడానికి అన్నీ ఒకే క్షణంలో కలిసి రావాలి, అందుకే పరీక్షల్లో తన కంటపడలేదు. ఎవరు ముందు లేవాలో గట్టిగా చెప్పేసరికి సరిపోయింది. ఆ వ్యాసం చివర్లో పనిచేసినవాళ్ళ పేర్లు ఉన్నాయి. హెప్సిబా పేరు మీద వేలు పెట్టి ధనమ్మ చాలాసేపు తీయలేదు.

నాగబాబు బందరు నుంచి ఫోన్ చేసి, కొట్టుకు కొత్తవి వచ్చాయని, అత్తయ్యగారి ప్రాసెసర్ ఉందా అని అడుగుతున్నారని చెప్పి నవ్వించాడు.

తర్వాతి ఆదివారం హెప్సిబా చర్చికి వచ్చింది. చాలాకాలం తర్వాత తల్లి పక్కన, ఆడవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చుంది. ప్రసంగం అయింది. అయ్యగారు మనవులు అడిగారు. మైకు వరసలోకి వచ్చి ధనమ్మ చేతికి తగిలింది. అలవాటు ప్రకారం ఎల్లమ్మకు ఇవ్వబోతుంటే హెప్సిబా చేయి చాచి అందుకుని లేచి నిలబడింది. ఆ పిల్ల ఆ చర్చిలో మైకు పట్టుకోవడం అదే మొదలు. సంఘమంతా తిరిగి చూసింది.

"వానాకాలంలో మా అమ్మ మీ అందరినీ నా పని కోసం ప్రార్థించమని అడిగింది. మీరు చేశారు, గుడివాడలో ఉపవాసం కూడా ఉన్నారని విన్నాను. ఆ పని బాగయింది. ఇప్పుడు చెప్పచ్చు కాబట్టి చెప్తున్నాను. మీ అందరికీ వందనాలు."

అంతటితో కూర్చుంటుందనుకున్నారు. కూర్చోలేదు.

"ఇంకో కొత్త పని మొదలైంది. అదేంటో చెప్పకూడదు. ఎప్పటికవుతుందో కూడా చెప్పకూడదు. కానీ ఇది కూడా కష్టమైందే. ప్రార్థన కావాలి."

అయ్యగారికి ఏం చేయాలో పాలుపోలేదు. ఇంతకాలంలో ఇలాంటి మనవి ఆయనకు రాలేదు. వెనక వరసలో ఎవరో సగం లేచి, అడగబోయి మళ్ళీ కూర్చున్నారు. ఎల్లమ్మ ధనమ్మ మోచేయి పొడిచి, నీకైనా తెలుసా అని గుసగుసగా అడిగింది. తెలియదని ధనమ్మ తల అడ్డంగా ఊపింది. అంతలో హెప్సిబా మైకు తల్లి ఒళ్ళో పెట్టి కూర్చుంది.

"నువ్వు చెయ్యమ్మా," అంది.

ధనమ్మ మైకు వంక చూసింది. పైన గోడకు కెమెరా చిన్న ఎర్ర దీపంతో చూస్తూనే ఉంది. కూతురి వంక చూసింది. హెప్సిబా అప్పటికే కళ్ళు మూసుకుని, చేతులు కట్టుకుని, తల వంచుకుని ఉంది. ఒక్క కంటితోనైనా తల్లిని కనిపెట్టి చూడటం లేదు. ధనమ్మ లేచి నిలబడింది. గొంతు సవరించుకుంది.

"తండ్రీ, మా అమ్మాయి పని. అదేంటో నాకు తెలీదు. నీకు తెలుసు."

ఇంకా ఏదో చెప్పాలని నోరు తెరిచి, ఆగి, అంతేనన్నట్టు ఆమేన్ అంది. సంఘమంతా ఆమేన్ అంది. అందరికంటే గట్టిగా అన్నది హెప్సిబా.